మామిడి తోటలకు వెళ్ళిన కంప్యూటరు

తిరుపతి వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో ఎవరైనా అడిగే మొదటి మాట, "దర్శనం బాగా అయిందా?" అని. అయింది. రెండో మాట, "ప్రసాదం ఏదీ?" అని. అదీ పంచేశాను. ఇక మూడోది, నా కట్టు వంక చూస్తూ, "చేతికేమైంది?" అని. దీనికి జవాబు చెప్పాలంటే మాత్రం అలిపిరి, పుత్తూరు, చిత్తూరు, అక్కడి మామిడి తోటలు అన్నీ చెప్పాలి. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టాక రాసేస్తేనే మేలనిపించింది.

నేను హైదరాబాదులో కంప్యూటర్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. కంప్యూటరును మీలో కొందరు ఏ బ్యాంకులోనో అద్దాల గది బయట నిలబడి చూసి ఉంటారు. లోపల ఏసీ, గుమ్మం దగ్గర చెప్పుల వరస. గుళ్ళోకి వెళ్ళినట్టే వెళ్ళాలి. అయితే ఈ ఏడు మా కంపెనీకి కొత్తరకం ఒకటి వచ్చింది. మూత మూస్తే చిన్న సూట్‌కేసు. మూత తీస్తే ఆ మూతే తెర, కింద టైపు మీటలు, పక్కన ఫ్లాపీ దూర్చే సందు. అన్నిటికన్నా వింత, దాని కడుపులోనే బ్యాటరీ ఉంది. కరెంటు లేకపోయినా కొన్ని గంటలు పని చేస్తుంది. దాన్ని ల్యాప్‌టాప్ అంటారు, ఒళ్ళో పెట్టుకునేది అని అర్థం. ఆ పేరు పెట్టినవాళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకుని మన బస్సుల్లో ప్రయాణం చేసి ఉండరు. కాసేపటికి మోకాళ్ళు తిమ్మిరెక్కిపోతాయి.

ఊళ్ళు తిరుగుతూ వ్యాపారం చేసుకునేవాళ్ళకు దీన్ని అమ్మాలని మా మేనేజరు మూర్తిగారి ఆలోచన. ఆలోచన మీద ఉన్నంత నమ్మకం ఆయనకు నా మీద లేదు. టూర్లు తిరిగే ఇంజనీరు ఉద్యోగం మానేసి బెంగుళూరు వెళ్ళిపోవడంతో గత్యంతరం లేక నన్ను పంపారు.

"ఆడపిల్లవి. ఊళ్ళు తిరగడం నీ వల్ల అవుతుందో లేదో చూద్దాం. ఈ టూరులో ఒక్క ఆర్డరు కూడా రాకపోతే మళ్ళీ ఆఫీసులో కొటేషన్లు టైపు చేసుకోవాలి. సరేనా?" అన్నారు.

సరే అన్నాను. కలలో కూడా కొటేషన్లే టైపు చేస్తున్న రోజులవి.

తిరుపతి

రైల్లో నా పెట్టె చూసిన ప్రతివాళ్ళూ తలో పేరు పెట్టారు. ఒకావిడ కుట్టుమిషనన్నది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన హార్మోనియం అని ఖాయం చేసేసుకుని, "ఒక కీర్తన అందుకో తల్లీ, దారి తెలియదు" అని కడపదాకా బతిమాలాడు. కంప్యూటరని చెప్పాను. "అయితే పాడదా?" అని నిట్టూర్చి పడుకున్నాడు.

తిరుపతిలో దిగగానే గుండ్లే గుండ్లు. చందనం పూసుకున్న పసిగుండ్లు, ముసలిగుండ్లు, మొన్ననే పెళ్ళయినట్టున్న ఒక జంట గుండ్లు. మా వైపు తలనీలాలిచ్చి వచ్చినవాళ్ళు నాలుగు రోజులు తలకు తుండు చుట్టుకుని తిరుగుతారు. ఇక్కడ జుట్టు ఉన్నవాళ్ళే కొత్తవాళ్ళలా కనిపిస్తారు. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక మెస్సులో ఇడ్లీ తిన్నాను. ప్లేటు రూపాయిన్నర. మా తెనాలిలో అల్లప్పచ్చడి లేకుండా ఇడ్లీ పెడితే హోటలువాడితో గొడవే. ఇక్కడ సాంబారును ఇడ్లీల మీద కాలవలా వదిలేశారు. వడ్డించే ఆయన పక్క బల్లతో తమిళం, నాతో తెలుగు, వంటింట్లోకి రెండూ కలిపి మాట్లాడుతున్నాడు. అల్లం లేదని బాధపడుతూనే రెండో ప్లేటు తెప్పించుకున్నాను.

ఇక్కడ నేను కలవాల్సింది సుబ్రమణ్యంగారిని. యాత్రికులను తిప్పే బస్సులు నడుపుతారాయన. ఆయన ఆఫీసులో బల్ల మీద మూత తెరిచి నేను టకటకా వాయించేశాను. ఏ బస్సు ఏ ఊరు పోయింది, ఎంత డీజిలు తాగింది, సీటుకు ఎంత మిగిలింది. తెర మీద అంకెలు పరుగెత్తుతుంటే డ్రైవర్లు, క్లీనర్లు కిటికీలోంచి తొంగి చూశారు. సుబ్రమణ్యంగారు గారడీ చూసినట్టు చూశారు.

"బలే ఉండాది తల్లీ. దీని పేరేమన్నావు?"

"ల్యాప్‌టాపండీ. ఒళ్ళో పెట్టుకుని పని చేసుకోవచ్చు."

"ఒళ్ళోనా? మా తావ ఒళ్ళో బిడ్డను పెట్టుకుంటారు." కాసేపు నవ్వుకుని, తరవాత నిజాయితీగానే అడిగారు. "నువ్వు కొడితే ఆడింది. సరే. నువ్వు రైలెక్కి పోయినాక?"

"మీవాళ్ళకు నేర్పిస్తామండీ."

"నేర్చుకునేవాడుండాల గదా! మావాళ్ళు దీనికి పసుపూ కుంకుమా పెట్టి, దండం పెట్టుకుని, బీరువాలో పెట్టేస్తారు. నాకెందుకమ్మా అది?"

ఎంత గట్టిగా వాయించానో గుర్తొచ్చి వేళ్ళు ముడుచుకున్నాను. ఆయన మాత్రం కాఫీ తెప్పించి, "దేవుణ్ణి సూడకుండా పోవద్దు. మిషన్ను ఈడ పెట్టి కొండకు పోయిరా" అని తన బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పుడే దానికి బీరువా యోగం పట్టింది.

అలిపిరి

తెల్లవారగానే నడకదారిన బయల్దేరాను. మెట్టు మెట్టుకూ పసుపు రాసి బొట్లు పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్ళు, భుజాన బిడ్డ, నెత్తిన మూటతో గోవిందలు కొట్టుకుంటూ పోయే మగవాళ్ళు. దోసకాయ చీలికలకు ఉప్పూ కారం రాసి అమ్ముతున్నారు. అంత రుచి ఆ ఎక్కుడులో తిన్నందుకే వచ్చిందని నా అనుమానం. ఇంటికొచ్చి చేసుకుంటే వట్టి దోసకాయే.

మోకాళ్ళ పర్వతం దగ్గర ఒక లావుపాటావిడ మెట్టు మీద చతికిలబడి రొప్పుతోంది. కుప్పం దగ్గరి పల్లెట. పక్కన ఆమె భర్త విసనకర్రతో విసురుతున్నాడు.

"మొక్కుబడా అండీ?" అని అడిగాను.

"ఆ. మొక్కుకున్నది ఆయన, ఎక్కేది నేను" అంది. "నా పెండ్లాం మోకాళ్ళతో ఎక్కుతాది సామీ అని మొక్కినాడంట. నన్నొక మాట అడిగినాడా?"

ఆయన సిగ్గుపడి ఇంకా గట్టిగా విసిరాడు. ఆవిడ నవ్వుతూ ఆయన భుజం పట్టుకుని లేచింది.

దర్శనం గురించి నేను కొత్తగా రాయగలిగింది లేదు. ఆర్డరు ఇప్పించమని అడగాలని క్యూలో నిలబడ్డంతసేపూ అనుకున్నాను. తీరా ఎదుటికి వెళ్ళాక ఏదీ గుర్తు రాలేదు. బయటికొచ్చి ప్రసాదం తింటుంటే గుర్తొచ్చింది. ఇంకోసారి లోపలికి వెళ్ళి చెప్పిరావడానికి కుదరదు కదా.

పుత్తూరు

పుత్తూరులో ఒక నూలు వ్యాపారి మిషన్ను చూస్తానన్నారు. సుబ్రమణ్యంగారి బీరువాలోంచి పెట్టె తీసుకుని బస్సెక్కాను. నా పక్క సీటులో తెల్లచీరావిడ కూర్చుంది. మెళ్ళో సన్నటి శిలువ గొలుసు, ఒళ్ళో మల్లెపూల పొట్లం.

"ఏం పాపా, యాడికి పోతా ఉండావు?" అని పలకరించింది. పేరు కరుణమ్మ. చిత్తూరులో ఒక ఆసుపత్రిలో నర్సట. తిరుపతిలో చెల్లెల్ని చూసి, పుత్తూరు మీదుగా ఇంటికి వెళ్తోంది. సగం దారి దాటేలోపల నా ఊరూ పేరూ, జీతమూ, పెళ్ళెందుకు కాలేదో కూడా కనుక్కుంది. మా కోస్తావాళ్ళం అడిగేముందు కాస్త చుట్టూ తిప్పుతాం. ఇక్కడ సూటిగా అడుగుతారు. విసుగనిపించదు, ఎందుకంటే వాళ్ళవీ అంత సూటిగానే చెప్పేస్తారు.

పుత్తూరులో దిగేటప్పుడు జరిగింది. చివరి మెట్టు మీద ఉండగా బస్సు ఒక్క కుదుపు కుదిపింది. కింద ఎవరో తిని పారేసిన మామిడి తొక్క. నేను జారాను. పెట్టె కింద పడకూడదన్న ఒక్క ఆలోచనే ఉంది. దాన్ని ఎడమచేత్తో గుండెకు హత్తుకుని, కుడిచేతి మీద నా బరువూ దాని బరువూ వేసి పడ్డాను. మణికట్టులో ఏదో పుటుక్కుమన్నది.

లేచేసరికి చుట్టూ జనం. కరుణమ్మగారు బస్సు దిగి వచ్చేశారు. చెయ్యి పట్టి చూసి, "ఇరిగినట్టుండాది" అన్నారు.

"ఇక్కడ ఆసుపత్రి ఎక్కడండీ?" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"ఆసుపత్రిలో పన్జేసేదాన్ని నేనే సెప్తా ఉండా. ఎముక ఇరిగితే రావాల్సింది ఈ ఊరికే. మద్రాసు నించి, బెంగుళూరు నించి బండ్లు కట్టుకుని ఈడికొస్తారు. నువ్వు ఈడికొచ్చి ఇరగ్గొట్టుకున్నావు. ఎంత అదృష్టమో సూడు!"

అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఆమె ఎక్కాల్సిన బస్సు కదిలి వెళ్ళిపోయింది. "పోనీలే, ఇంకోటి వస్తాది" అని నన్ను రిక్షా ఎక్కించారు.

కట్టు కట్టే ఇంటి ముందు తిరునాళ్ళలా ఉంది. చెట్ల కింద, అరుగుల మీద, అన్ని భాషల మూలుగులూ వినిపిస్తున్నాయి. ఒక కన్నడాయన కాలు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నా వంతు వచ్చాక, తెల్లగడ్డం పెద్దాయన ఎదురుగా కూర్చుని నా చేతిని అరచేతిలో పెట్టుకున్నాడు. నేను పెట్టె మూత తీయబోయాను, లోపల పగిలిందేమోనని.

"అది తరవాత. ముందు నీ సెయ్యి సూడనీ" అన్నాడు. తరవాత మెల్లగా, "ఏం పని సేస్తావు తల్లీ?" అని అడిగాడు.

"కంప్యూటర్లు అమ్ముతానండీ."

"అంటే?"

"అంటే... లెక్కలు చేసే మిషనండీ. మనం ఒక అంకె ఇస్తే అది..."

అక్కడ లాగాడు. నా కేక వీధిలోకి వినిపించి ఉంటుంది. నేను ఊపిరి తీసుకునేలోపల పసరు ముద్ద, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు, అన్నీ అయిపోయాయి. అందరినీ అలా మాటల్లో పెట్టే లాగుతాడట. కంప్యూటరంటే ఏమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

నూలు వ్యాపారి ఇంటికి మనిషిని పంపితే, ఆయన ఎవరిదో పెళ్ళికని మద్రాసు వెళ్ళాడని కబురొచ్చింది. ఇక మిగిలింది చిత్తూరులోని మామిడి జ్యూస్ ఫ్యాక్టరీ ఒక్కటే. లాడ్జిలో దిగుతానంటే కరుణమ్మగారు ఒప్పుకోలేదు. "ఒంటిచేత్తో లాడ్జీలో ఏం సేస్తావు? గమ్మున మా ఇంటికి రా."

చిత్తూరు

ఆమె ఇల్లు చర్చి వెనక సందులో. భర్త స్కూల్లో డ్రిల్లు మాస్టారు, నెమ్మదైన మనిషి. నేను పెట్టెను వాళ్ళ భోజనాల బల్ల మీద పెట్టి, ఎడమచేత్తో మూత తెరిచాను. మూత బందు దగ్గర సన్నటి చీలిక కనిపించింది. స్విచ్చి నొక్కాను. కాసేపు ఏమీ లేదు. తరవాత లోపల గిర్రుమని చప్పుడైంది, తెర మీద అక్షరాలు మెల్లగా తేలాయి.

"స్తోత్రం!" అన్నారు కరుణమ్మగారు నాకన్నా ముందే.

రాత్రి భోజనానికి రాగిసంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, చింతాకు పప్పు. మావైపు రాగులంటే పసిపిల్లలకూ, చక్కెర జబ్బువాళ్ళకూ. ఇక్కడ ముద్ద చూసి బెదిరిపోయాను. "నమలొద్దు, పప్పులో ముంచి మింగు" అని మాస్టారు నేర్పారు. మొదటి ముద్ద గొంతులో బండలా నిలిచింది. మూడో ముద్దకు అలవాటైంది. పొద్దున కరుణమ్మగారు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి తల దువ్వి జడ వేశారు. అమ్మ చేత జడ వేయించుకుని ఎన్నాళ్ళయిందో. నా కళ్ళు చెమ్మగిల్లితే చిక్కు గట్టిగా లాగాననుకుని, "అయిపోయిందిలే, అయిపోయింది" అన్నారు. వాళ్ళ ఆసుపత్రిలో ఎక్స్‌రే కూడా తీయించారు. ఎముక సరిగ్గా కూర్చుందని డాక్టరుగారు ఫిల్ము చూసి తల ఊపారు.

ఎముక కూర్చుంది గాని నేను టైపు కొట్టలేను. మూర్తిగారికి ఫోను చేసి చెబితే, "నేను ముందే అనలేదూ" అంటారు. ఆ మాట వినడం కన్నా నొప్పి నయం. చెయ్యి మెళ్ళోకి కట్టుకుని మామిడి జ్యూస్ ఫ్యాక్టరీకి బయల్దేరాను.

ఊరి బయట రోడ్డు పొడుగునా బెంగళూరా కాయల లారీలు. బెంగళూరా అంటే మనం కలెక్టరు మామిడి అంటాం చూడండి, ముక్కు ఉన్న కాయ, అదే. ఆ వాసన ఎంత చిక్కగా ఉందంటే, గాలిని తాగుతున్నట్టుంది. ఫ్యాక్టరీ యజమాని చెంగమ్మగారు. యాభై ఏళ్ళుంటాయి. రెండు ముక్కుపుడకలు, మెళ్ళో దారానికి వేలాడే కళ్ళద్దాలు. ఆమె భర్త పొలాలు చూసుకుంటారు, ఫ్యాక్టరీ మాత్రం ఆమెదే.

"ఏం పాపా, సెయ్యి ఇరగ్గొట్టుకుని అమ్మేదానికి వచ్చినావా?" అన్నారు నన్ను చూడగానే.

"ఇరగ్గొట్టుకున్నా వచ్చానండీ."

ఆ జవాబు నచ్చినట్టుంది, కూర్చోమన్నారు. ఆమె ఇబ్బంది ఏమిటో ముందు చెప్పించుకున్నాను. ఆమె మనుషులు జీపుల్లో తోటలు తిరుగుతారు. ఏ తోటలో ఎంత కాయ, ఎప్పటికి పండుతుంది అన్నది ఒక్కొక్కరి తలలో ఒక్కొక్క ముక్క ఉంటుంది. అన్నీ ఒకచోటికి చేరేసరికి లారీలు ఒక్కసారే గేటు ముందుకొచ్చి పడతాయి. ఫ్యాక్టరీ మింగగలిగింది మింగుతుంది, మిగతా కాయ రోడ్డు మీదే కుళ్ళుతుంది. "రైతు నా మొకం సూసి ఏడుస్తాడు. నేనెవరి మొకం సూసి ఏడవాల?" అన్నారు.

నేను మూత తెరిచాను. "మీరే కొట్టాలండీ. నా చెయ్యి లేదు కదా."

"నేనా? నా సదువు ఎస్సెల్సీ."

"అంకెలే కదండీ. ఇక్కడ తోట పేరు. పక్కన ఎన్ని టన్నులు. ఆ పక్కన కాయ ఎన్నాళ్ళు ఆగుతుందో."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఒక వేలితో, కోడి గింజ ఏరినట్టు, ఒక్కో మీటా వెతికి నొక్కారు. తోటలు వరసగా ఎక్కాయి. "ఇప్పుడు మొదటి తోట అంకె ఒకటి మార్చండి" అన్నాను. మార్చారు. కింద మొత్తాలు, ఏ రోజుకు ఎంత కాయ వస్తుందన్న అంకెలు, అన్నీ తమంతట తామే మారిపోయాయి. ఆమె వేలు కాలినట్టు వెనక్కి తీసుకున్నారు.

"నేనేం సెయ్యలేదే!"

"మీరే చేశారండీ."

మళ్ళీ మార్చారు. మళ్ళీ మారాయి. ఇంకోటి మార్చారు. తరవాత నేనక్కడ ఉన్నానన్న సంగతి మరిచిపోయారు. తిరుపతిలో నేను వాయించినప్పుడు ఎవరూ తెరకు అంత దగ్గరగా వంగలేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఫ్యాక్టరీకి జనరేటరు ఉంది గాని ఆఫీసుకు లేదు. చెంగమ్మగారు తల పట్టుకున్నారు. "పాయె. అంతా పాయె."

"పోలేదండీ. దీనికి బ్యాటరీ ఉంది."

అంకెలు అక్కడే ఉన్నాయి గాని కనిపించడం లేదు. ఆ తెరకు సొంత వెలుగు లేదు. పలక లాంటిది, వెలుతురు పడితేనే అక్షరం. మేం దాన్ని వరండాలోకి మోసుకెళ్ళి బల్ల మీద పెట్టాం. లారీల దగ్గరి రైతులు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ మూగారు. వాళ్ళలో మునెప్ప అనే ఆయన మొహం వాడిపోయి ఉంది.

"అమ్మా, నా కాయ నిన్నటి నించి లారీలోనే ఉండాది. ఇంకో పూట ఆగితే పారబోసుకోవాల. నా తోట యాడుండాది దీంట్లో?"

చెంగమ్మగారు వేలితో వరస దిగారు. "ఇదో, ఈడ." కాసేపు చూశారు. వరసలో మునెప్ప లారీకి ముందున్న రెండు లారీలవీ దోరకాయలు. మునెప్పవి ఈ రోజు దాటితే ఆగవు. ఆ సంగతి బయటికి అనగానే గొడవ మొదలైంది.

"వరసంటే వరసే గదమ్మా! నేను ముందొచ్చినాను" అన్నాడు మొదటి లారీ రైతు.

ఆమె మిషన్ను అతని వైపు తిప్పారు. "ఇదో సూడప్పా. నీ కాయ ఎల్లుండికి గానీ పండదు, నువ్వే సెప్పినావు. ఈ రోజు లోపలికి తీసుకుంటే నేను మాగేసుకోవాల. వాడిది తీసుకోకుంటే వాడు పారబోసుకోవాల. నీకు నష్టం యాడుండాది సెప్పు?"

అతను తెర వంక చూశాడు. అక్కడున్న ఇంగ్లీషు అక్షరాలు అతనికి రావని నాకు తెలుసు. తరవాత మునెప్ప మొహం వంక చూశాడు. "సరేలే, ముందు వాణ్ణి పోనీ" అని, వెళ్ళి తన లారీతోపాటు రెండోదాన్నీ వెనక్కి తీయించాడు. మునెప్ప అతనికి దండం పెట్టాడు, చెంగమ్మగారికి పెట్టాడు, చివర్న మిషనుకు కూడా ఒకటి పెట్టాడు.

ఆర్డరు మాట ఎత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. "ఇది ఈడ కూర్చుంటే నాకేం లాభం పాపా? నా కష్టమంతా తోటల్లో. రేపు జీపులో పోదాం. ఆడ ఆడతాదో లేదో సూడాల" అన్నారు.

దామలచెరువు వైపు

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. డ్రైవరు బాబు, పక్కన చెంగమ్మగారు ఒళ్ళో మిషనుతో, వెనక నేను. గుంటలో జీపు పడ్డప్పుడల్లా తెర మీద ఒకే అక్షరం బారుగా పడిపోయేది. "రొంత నిదానంగా పోరా, నా రాత చెడగొడతా ఉండావు!" అని ఆమె బాబును కసిరేవారు.

మా డెల్టాలో చూపు ఆనినంత మేర వరి, నీళ్ళు. ఇక్కడ ఎర్రమట్టి, రాళ్ళగుట్టలు, వాటి మధ్య మైళ్ళకు మైళ్ళు మామిడి. కొమ్మలు నేలకు వంగి, కాయలు మట్టిని తాకుతున్నాయి. ప్రతి తోటలోనూ చెంగమ్మగారు దిగి, కాయను నొక్కి, తుంచి, వాసన చూసి, రైతుతో కాసేపు పోట్లాడి, వచ్చి మీటలు నొక్కేవారు. చెట్ల నీడలో తెర అద్భుతంగా కనిపించింది. ఒక తోటలో ముసలాయన పక్కన నిలబడి చూసి, "నా కాయ కన్నా ముందు నా పేరు ఫ్యాక్టరీకి పోతా ఉండాదే" అన్నాడు.

మధ్యాహ్నం అవుతుండగా మిషను కీచుకీచుమని అరిచింది. నేను "బ్యాటరీ!" అనేలోపలే తెర చచ్చిపోయింది.

చెంగమ్మగారు మీటలన్నీ నొక్కి చూశారు. "పోయిందా? పొద్దున్నించి కొట్టిందంతా పోయిందా?"

"ప్రతి తోటకూ ఫ్లాపీలో దాచమన్నాను కదండీ. దాచారా?"

"దాచినానో, లేదో... పోట్లాటలో పడి మరిచిపోయినానేమో పాపా."

అంతా పోతే ఆర్డరూ పోయినట్టే. తోట యజమాని బోరు దగ్గరి మోటారు గదికి తీసుకెళ్ళాడు. అక్కడ బల్బుకు పక్కన ఒక ప్లగ్గు ఉంది. అప్పుడే కరెంటు వచ్చి మోటారు తిరుగుతోంది. గోడకు తేలుకాటు మందు సీసా, మూల పురుగుమందు డబ్బాలు, మధ్యలో గోనెసంచి మీద మా ల్యాప్‌టాపు. ఎర్రదీపం వెలిగింది. కాసేపు దాన్ని తాగనివ్వమన్నాను.

"దానికి ఆకలైనట్టే మనకూ అయింది" అన్నారు చెంగమ్మగారు. బోరు నీళ్ళు పడే కాలవలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. రైతు భార్య సంగటి తెచ్చింది, చెట్టు మాగిన కాయలు తెచ్చింది. ఆమె పండు పిసికి చివర కొరికి పీల్చడం నేర్పింది. నేను ఎడమచేత్తో పట్టుకుని పీలుస్తూ మోచేతి దాకా కార్చుకున్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని నా చెవులన్నీ మోటారు గదిలోనే ఉన్నాయి.

తిని, చేతులు కడుక్కుని, స్విచ్చి నొక్కాం. ఫ్లాపీ గిర్రుమంది. తోటలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. చెంగమ్మగారు వేలు పెట్టి పేర్లు చదువుకుంటూ దిగారు. చివరి తోట ఒక్కటే లేదు, మిగతావన్నీ ఉన్నాయి.

"దాచినాను!" అని ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచారు. "దాచినాను పాపా, నేనే!" అని చివరి తోటను మళ్ళీ కొట్టి, ఈసారి నేను చెప్పకముందే దాచి, నా వైపు తిరిగారు. "ఇది ఈడే పెట్టి పో."

"ఇది చూపించడానికి తెచ్చిందండీ. కొత్తది పంపిస్తాం."

"కొత్తది వచ్చేలోపల కాయల కాలం అయిపోతాది. కొత్తవి రెండు పంపు, నా మనుషులకు. ఇది నాకు. నా తోటలు దీంట్లో ఉండాయి."

ట్రంకు కాల్

చిత్తూరు చేరి సరాసరి పోస్టాఫీసు ముందు జీపు ఆపించాను. హైదరాబాదుకు కాల్ బుక్ చేసి, బెంచీ మీద కూర్చుని, పిలుపు వచ్చాక బూత్‌లోకి దూరి అరిచాను.

"మూర్తిగారూ! డెమో మిషన్ను ఇక్కడే వదిలేస్తున్నాను!"

"ఏంటీ? పగలగొట్టావా?"

"లేదండీ! అమ్మేశాను! ఇంకో రెండు కావాలట!"

లైనులో గరగర మధ్య ఆయన అంకెలు గొణుక్కోవడం వినిపించింది.

"డెమో ఎలా ఇచ్చావు?" అన్నారు చివరికి.

"నేనివ్వలేదండీ. ఆవిడే కొట్టుకున్నారు."

"ఏమో, నాకర్థం కాలేదు. సరేలే, వచ్చాక మాట్లాడదాం. వచ్చే నెల అనంతపురం, బళ్ళారి. నువ్వే వెళ్ళాలి. విన్నావా?"

విన్నాను. రెండోసారి కూడా చెప్పించుకుని విన్నాను. చేతికి కట్టు ఉన్న సంగతి చెప్పనే లేదు.

బయటికొచ్చేసరికి సాయంత్రం ఎండ ఏటవాలుగా జీపులో పడుతోంది. చెంగమ్మగారు మిషన్ను వెలుతురు వైపుకు తిప్పి పెట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, ఏదో అంకె కొడుతున్నారు. చూసి, చెరిపి, ఇంకోటి కొడుతున్నారు. పెదవులు కదులుతున్నాయి.

"పిలిచినా పలకడం లేదమ్మా" అన్నాడు బాబు. "రేపు వాన పడితే ఏమైతాదో సూస్తా ఉండాదంట."

నేను పిలవలేదు. ఎదురు కొట్లో నిమ్మకాయ సోడా కొట్టించుకుని, జీపు బంపరుకు ఆనుకుని, తీరుబడిగా తాగుతూ నిలబడ్డాను.